చప్పుడు చేయని ఈగను గుర్తుపట్టేదెట్లా?

పొద్దుగూకింది. పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. వ్యవసాయ కూలీల వాడలో చివరి ఇల్లు. మట్టిగోడలు, పైన పెంకు. గోడకు ఆనుకొని మేకల కొట్టం, దాని పక్కనే పెంటకుప్ప. మాతోపాటు వచ్చిన ఆరోగ్య కార్యకర్త గోడ పగుళ్ల మీదికి టార్చిలైటు వేశాడు. వేసిన చోటే వెలుగు కదలకుండా పట్టి, "అగో, చూడండి" అన్నాడు. మాకేమీ కనబడలేదు. మట్టిరంగు గోడ మీద మట్టిరంగు చుక్క. ఆ చుక్క ఉన్నట్టుండి జానెడు దూరం గెంతి మళ్లీ గోడమీదే వాలింది.

ఇంటి పెద్దమ్మ మా వెనక నిలబడి చూస్తోంది. "గిది దోమపిల్ల గాదా బిడ్డా?" అని అడిగింది.

దోమపిల్ల కాదు పెద్దమ్మా. దోమకు పిల్లలుగా పుట్టి పెరగడం ఉండదు. నీళ్లలో పురుగుగా బతికి, రెక్కలొచ్చాక బయటికొస్తే అది దోమే. చిన్నదీ పెద్దదీ కావచ్చు గాని, పెరిగేది మాత్రం కాదు. ఇది వేరే జాతి. ఇసుక ఈగ అంటారు, డాక్టర్లు శాండ్‌ఫ్లై అంటారు. పేరులో ఇసుక ఉందని ఏటి ఒడ్డున వెతికితే దొరకదు. దాని ఒంటి రంగు ఇసుకలా ఉంటుంది కనుక ఆ పేరు. బీహారు పల్లెల్లో కూడా బాలూ మక్ఖీ అనే పిలుస్తారు. బాలూ అంటే ఇసుక.

ఈ పురుగు గురించి రైతుకూలీల పేజీలో ఎందుకు రాయాలి? ఎందుకంటే ఇది మేడల్లో ఉండే పురుగు కాదు. మట్టిగోడ పగులులో, పశువుల కొట్టంలో, పేడా పిడకా కలిసి తడారని నేలలో బతికే పురుగు. ఆ గోడ ఎవరిదో, ఆ నేల మీద చాప పరుచుకుని పడుకునేది ఎవరో మనకు తెలుసు. ఈ దేశంలో ఇసుక ఈగ మోసే జబ్బుకు లక్షలమంది లోనయ్యారు, వేలమంది చచ్చారు. వాళ్లలో ఎక్కువమంది భూమిలేని కూలీలు.

ముందు పురుగును చూద్దాం. దోమతో పోలిస్తే ఇది చాలా చిన్నది. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఒళ్లంతా నూగు వెంట్రుకలు. కాళ్లు ఒంటికి మించి పొడుగు, సన్నగా పుల్లల్లా ఉంటాయి. వాలినప్పుడు దోమ రెక్కలను వీపు మీదికి మడుచుకుంటుంది. ఇసుక ఈగ అట్లా మడవదు. రెండు రెక్కలనూ పైకెత్తి విడదీసి ఉంచుతుంది, ఎవరో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డట్టు. కంటితో చూసి గుర్తుపట్టడానికి ఇంతకు మించిన గురుతు లేదు. ఇక నడక. దోమ తేలుతూ ఎగురుతుంది, ఇది గెంతుతూ పోతుంది. ఒక గెంతు, ఒక ఆగడం, మళ్లీ గెంతు. గాలి కొంచెం గట్టిగా వీస్తే ఎగరనే లేదు.

అన్నిటికంటే మోసం దాని మౌనంలో ఉంది. దోమ చెవి దగ్గర పాట పాడి మరీ కుడుతుంది. పాట వినగానే మనం చెయ్యి విసురుతాం. ఇది చప్పుడు చెయ్యదు. కుట్టినాక మంట, దురద. ఏం కుట్టిందో తెలియక పొద్దున్నే నల్లిని తిట్టుకుంటాం. (ఈ నల్లి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.) కుట్టేది ఆడదే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మగది చెట్ల రసాలు తాగి బతుకుతుంది. ఆడది పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా కుడుతుంది, పగలంతా చీకటి మూలల్లో, పగుళ్లలో దాక్కుంటుంది.

నీళ్లలో గుడ్లు పెట్టకపోవడం రెండో మోసం. మురిక్కాలవలో మందు కొడితే దోమ పిల్లపురుగు చస్తుంది. ఇసుక ఈగ పిల్లపురుగులు మట్టిలో, కుళ్లిన ఆకూ అలమూ పేడా ఉన్న తడినేలలో ఉంటాయి. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి నెల, నెలన్నర పడుతుంది. అంత చిన్న పురుగును అంత మట్టిలో వెతికి పట్టుకోవడం శాస్త్రజ్ఞులకే తలకు మించిన పని. అందుకే ఎక్కడైనా సరే, పోరు రెక్కల పురుగు మీదే సాగుతుంది. అదీ గోడమీద.

ఇక జబ్బు. దాని పేరు కాలా అజార్. కాలా అంటే నలుపు, అజార్ అంటే జబ్బు. రోగి ఒళ్లు నల్లబడుతుంది గనుక ఆ పేరు. రోజుల తరబడి, వారాల తరబడి జ్వరం. ఆకలి పోతుంది, మనిషి ఎండిపోతాడు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఎడమవైపు ప్లీహం పెరిగి చేతికి రాయిలా తగులుతుంది. మన పల్లెల్లో పాతకాలపు వాళ్లు కడుపులో బల్ల అనేది దాన్నే, అయితే బల్ల మలేరియాలోనూ వస్తుంది. రక్తం విరిగిపోతుంది. వైద్యం చేయకపోతే బతకడం అరుదు. దీనికి కారణం సూక్ష్మజీవుల్లో ఒక పరాన్నజీవి. మనిషి రక్తంలోంచి ఈగ పొట్టలోకి పోతుంది, అక్కడ రూపం మార్చుకుని పెరుగుతుంది, మళ్లీ కుట్టినప్పుడు ఇంకో మనిషిలోకి పోతుంది.

ఆ పరాన్నజీవిని కనుక్కున్న కథలో మన మద్రాసుకూ చోటుంది. కలకత్తా దగ్గర డండంలో ఉండి జబ్బుపడి, ఇంగ్లండులో చనిపోయిన ఒక సిపాయి ప్లీహంలో లీష్మన్ అనే మిలటరీ డాక్టరు వింత కణాలను చూశాడు, 1903లో ప్రకటించాడు. అదే ఏడాది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డోనవన్ అనే డాక్టరు రోగుల ప్లీహంలో అవే కణాలను పట్టాడు. రొనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి దానికి లీష్మేనియా డోనవనీ అని పేరుపెట్టాడు. అప్పటికి మద్రాసు మన తెలుగు జిల్లాలకూ రాజధానే. ఆ ఆసుపత్రి మంచాల మీద తెలుగు కూలీలు కూడా పడుకొని ఉండేవాళ్లని వేరే చెప్పక్కర్లేదు.

పరాన్నజీవి దొరికింది, సరే. మోసేదెవరు? ఇక్కడే పురుగును గుర్తుపట్టడంలో జరిగిన పొరపాటు ఎంత ఖరీదయిందో చూడాలి. మొదట అనుమానం పోయింది నల్లిమీద. బీదవాడి మంచంలో నల్లి ఉంటుంది, బీదవాడికే జబ్బు వస్తుంది, కనుక నల్లే అన్నారు. మద్రాసులోనే పాటన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి నల్లులకు రోగుల రక్తం తాగించి, వాటి పొట్టలు కోసి చూశాడు. ఆ దారిలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఇరవై ఏళ్లూ అస్సాం, బెంగాల్ పల్లెలు జబ్బుతో సతమతమవుతూనే ఉన్నాయి.

దారి మళ్లించింది కొత్త మందు కాదు, కొత్త యంత్రమూ కాదు. ఇసుక ఈగల్ని పోగుచేసి, ఏది ఏ జాతో ఓపిగ్గా విడదీసి, ఏది ఎక్కడ దొరికిందో పటం మీద గుర్తుపెట్టిన పని. ఆ పని చేసినవాడు సింటన్. 1920ల నడుమ ఆయన ఒక సంగతి గమనించాడు. ఇండియాలో ఎన్నో రకాల ఇసుక ఈగలున్నాయి. వాటిలో ఒక్క దాని పటం మాత్రం కాలా అజార్ పటం మీద దాదాపు సరిగ్గా కూర్చుంటోంది. ఆ జాతి పేరు ఫ్లెబోటమస్ అర్జెంటైప్స్. అర్జెంటైప్స్ అంటే వెండి పాదాలది. ముదురు ఒంటి కింద కాళ్లు వెండిలా మెరుస్తాయని 1908లోనే ఆ పేరు పెట్టారు. 1924లో కలకత్తాలో నోల్స్, నేపియర్, స్మిత్‌లు రోగి రక్తం తాగిన ఈ వెండిపాదం ఈగ పొట్టలో పరాన్నజీవి పెరగడం చూశారు.

అయినా రుజువు కావడానికి ఇంకా పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈగ పొట్టలో పెరుగుతోంది గాని, కుట్టి జబ్బు అంటించడం ప్రయోగంలో చూపలేకపోయారు. చిక్కు ఎక్కడో తెలుసా? ఈగ తిండిలో. ఒకసారి రక్తం తాగాక మళ్లీ రక్తమే ఇస్తే పరాన్నజీవి చల్లబడిపోయేది. 1940 ప్రాంతంలో స్మిత్ బృందం రక్తం తర్వాత ఎండుద్రాక్షల రసం తాగించి చూసింది. పరాన్నజీవి ఈగ గొంతుదాకా నిండిపోయింది. ప్రకృతిలో ఈగ చెట్ల రసం తాగుతుందన్న మామూలు సంగతిని ప్రయోగశాల అన్నాళ్లూ మరిచిపోయింది. 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్‌లు అస్సాంలో అట్లా పెంచిన ఈగలతో అయిదుగురు మనుషుల్ని కుట్టించారు. అయిదుగురికీ జబ్బు అంటింది. పరిశోధకుల ముగ్గురి పేర్లూ శాస్త్ర గ్రంథాల్లో ఉంటాయి. కుట్టించుకున్న అయిదుగురిని వాలంటీర్లు అనే ఒక్క మాటతో సరిపెడతారు.

ఇంతకూ జాతిని గుర్తుపట్టడం అంటే ఏం చేస్తారు? మనం పైన చెప్పుకున్న గురుతులు ఇసుక ఈగను దోమ నుంచి విడదీస్తాయి, అంతే. ఇసుక ఈగల్లో ఏది ఏదో తెలియడానికి అవి చాలవు. అలవాటు పడిన పనివాడు కాళ్ల మెరుపు, ఒంటి రంగు చూసి "ఇది వెండిపాదం, ఇది పసుపురంగు పపటాసి" అని ఊహించగలడు. ఊహ రుజువు కాదు.

మేము ఒక ప్రయోగశాలలో ఆ పని దగ్గరుండి చూశాం. ఊళ్లో పీల్చుడు గొట్టంతో పట్టిన ఈగల్ని చిన్న సీసాలో స్పిరిట్లో వేసి తెస్తారు. సీసా మీద ఊరు, ఇల్లు, తేదీ, గదిలో దొరికిందా కొట్టంలో దొరికిందా అన్నీ రాస్తారు. అది రాయకపోతే ఈగ చచ్చీ దండగే. తర్వాత క్షారంలో నానబెడతారు. కండ కరిగి ఒళ్లు గాజులా పారదర్శకమవుతుంది. అప్పుడు సన్నసూదితో తల తెంపి, వెల్లకిలా తిప్పి గాజుపలక మీద పెడతారు. తల తెంపడమెందుకంటే అసలు గురుతు నోటి లోపల ఉంటుంది. సెర్జెంటోమియా అనే రకానికి నోటి లోపలి గదిలో దువ్వెన పళ్లలా వరసగా పళ్లుంటాయి. ఫ్లెబోటమస్‌కు ఆ వరస ఉండదు, ఉన్నా లెక్కలోకి రాదు. పొట్ట మీద వెంట్రుకలు మరో గురుతు. ఫ్లెబోటమస్‌కు నిక్కబొడుచుకొని ఉంటాయి, సెర్జెంటోమియాకు పడుకొని ఉంటాయి. ఇక్కడిదాకా పెద్ద రకాల వేరు. జాతి తేల్చడానికి ఆడదయితే కడుపు లోపల వీర్యం దాచుకునే తిత్తుల ఆకారం, మగదయితే తోక చివరి కొక్కేల మీద ముళ్ల లెక్క చూస్తారు. ఒక్కో ఈగకూ ఇంత పని. మైక్రోస్కోపు ముందు కూచున్న ఆయన మెడ నొప్పెడుతున్నా తల ఎత్తలేదు. "ఇది చేసేవాళ్లు తగ్గిపోతున్నారండీ" అన్నాడు, అంతే. ఇప్పుడు జన్యు పరీక్షలు వచ్చాయి. వెండిపాదం అని ఒకటే అనుకున్నది కూడా ఒకటి కాదనీ, ఒకదానికొకటి దగ్గరి చుట్టాలయిన జాతులు అందులో కలగలిసి ఉన్నాయనీ తేలుతోంది. యంత్రం వచ్చినా ఊళ్లోకి పోయి ఈగను పట్టి, సీసా మీద ఊరిపేరు రాసేది మనిషే.

ఈ విడదీత పండితుల సరదా అనుకోకండి. 1950లలో, 60లలో మలేరియా కోసం ఇళ్లలో డి.డి.టి. కొట్టారు. దోమలతోపాటు గోడల మీది వెండిపాదమూ చచ్చింది. కాలా అజార్ పోయిందనే అనుకున్నారు. మలేరియా పిచికారీ ఆగింది. 1970లలో బీహారులో, మొదట వైశాలి వైపు, జబ్బు మళ్లీ తలెత్తింది. 1977 నాటికి 70 వేల నుంచి లక్ష దాకా మంది జబ్బుపడ్డారని అంచనా. ముజఫర్‌పూర్, వైశాలి, సమస్తిపూర్ పల్లెలు, అందులోనూ ముసహర్ల వాడలు అల్లాడిపోయాయి. ముసహర్లు అంటే భూమి అన్నమాట ఎరగని దళిత కూలీలు. వాళ్లవి వెదురుతడికకు మట్టిమెత్తిన గుడిసెలు, పశువూ మనిషీ ఒకే కప్పు కింద. 1992లో సర్కారు లెక్కల్లోకి ఎక్కిన కేసులే 77,102. చనిపోయినవాళ్లు 1,419 మంది. లెక్కకెక్కనివాళ్లు ఎందరో ఆ వాడలకే తెలుసు.

మళ్లీ డి.డి.టి. పట్టారు. అప్పుడే జాతి ప్రశ్న వచ్చింది. 1970ల చివర్లో చేసిన పరీక్షల్లో పపటాసి ఈగ డి.డి.టి.కి లొంగడం మానేసిందని కనబడింది. వెండిపాదం ఇంకా చచ్చేది. రెండూ ఒకే ఇంట్లో దొరికే ఈగలు. వాటిని వేరుచేయకుండా "ఇసుక ఈగలు" అని ఒకే సీసాలో లెక్కపెడితే ఏం తేలుతుంది? మందు పనిచేస్తోందనీ తేలవచ్చు, చేయడంలేదనీ తేలవచ్చు. రెండూ అబద్ధాలే. 1990 ప్రాంతం నుంచి వెండిపాదం కూడా మొండికేస్తోందని సూచనలు రావడం మొదలయింది. పరీక్ష కష్టమైందేమీ కాదు. డి.డి.టి. పూసిన కాగితం ఉన్న గొట్టంలో ఈగల్ని గంటసేపు ఉంచి, ఒక రోజయ్యాక ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. అయినా పిచికారీ మందు మారింది 2015లో. అప్పటిదాకా ప్రతి ఏటా రెండుసార్లు డి.డి.టి. కొడుతూనే ఉన్నారు.

అందులోనూ ఎంత కొట్టారన్నది వేరే కథ. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో బీహారు ఇళ్ల గోడల మీది మందును గీకి ప్రయోగశాలలో కొలిచారు. చదరపు మీటరుకు ఒక గ్రాము ఉండాలి. అత్యధిక నమూనాల్లో అంత లేనే లేదు. ఈగ కూడా మొండికేసింది. అంటే మందుకు లొంగని ఈగ మీద చాలని మందు. కాగితాల మీద మాత్రం పిచికారీ పూర్తయింది. దీనికి పిచికారీ కూలీని తప్పుపట్టే వాళ్లున్నారు. ఒకడు పంపు ఆడిస్తూ, ఇంకొకడు కొట్టే పాతకాలపు స్టిరప్ పంపు, ఒత్తిడి నిలవని నాజిలు, రోజుకు ఇన్ని ఇళ్లన్న కోటా, సీజను ముగిశాక పనిలేని బతుకు. ఆ పంపులు తీసేసి చేతితో గాలినింపే కంప్రెషన్ పంపులు ఇచ్చింది కూడా మందు మార్చిన ఆ కాలంలోనే.

దోమతెర కట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఈ ఈగ దూరిపోతుంది. మందు పట్టించిన తెరల్ని 2006 నుంచి 2009 దాకా బీహారులో, నేపాల్లో ఊళ్లకు ఊళ్లు పంచి చూశారు. కాలా అజార్ చెప్పుకోదగినంత తగ్గలేదు. తెర వద్దని కాదు, మలేరియాకు మంచిదే. కాని ఈ జబ్బు సంగతి వేరు. తర్వాత బీహారులోనే ఇంకో సంగతి కనబడింది. ఇంటి జీవి అనుకున్న వెండిపాదం బయట తాటిచెట్ల మీద కూడా వలల్లో పడింది. వేసవిలో ఆరుబయట మంచం వేసుకునే వాడికి, పొలం కాపలాకు పోయేవాడికి గోడమీది మందు ఏం కాపు కాస్తుంది?

మందుల విషయంలో మాత్రం కొంత మంచి జరిగిందని ఒప్పుకోవాలి. పూర్వం నెల దాకా రోజూ అంటిమొనీ సూది పొడిచేవాళ్లు. చివరికి ఉత్తర బీహారులో సగానికి పైగా రోగులకు అది పనిచేయడం మానేసింది. సూదుల కోసం నగలూ మేకలూ అమ్మిన ఇళ్లున్నాయి. 2014 నుంచి ఒకే రోజు ఎక్కించే ఆంఫోటెరిసిన్ మందును సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. వేలికొసన ఒక్క చుక్క రక్తంతో చేసే ఆర్‌కె-39 పరీక్ష వచ్చింది. కూలిపోయిన రోజులకు బీహారులో రోగికి ముఖ్యమంత్రి నిధి నుంచి 6,600 రూపాయలు, కేంద్రం నుంచి 500 రూపాయలు చొప్పున ఇచ్చే ఏర్పాటూ జరిగింది. 2023 చివరికి బీహారు, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బెంగాల్లోని 633 బ్లాకుల్లోనూ కేసులు పదివేల జనాభాకు ఏడాదికి ఒకటి కంటే దిగువకు వచ్చాయి. 1992తో పోలిస్తే ఇది చిన్న సంగతి కాదు. కాని 1960ల్లోనూ పోయిందనే అనుకున్నారు గదా. నయమైన వాళ్లలో కొందరికి నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో ఒంటిమీద తెల్ల మచ్చలు, బొడిపెలు వస్తాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, కనుక ఆసుపత్రికి ఎవరూ పోరు. పరాన్నజీవి ఆ మచ్చల్లో దాక్కుని ఉంటుంది. వెండిపాదం ఒక్కసారి అక్కడ కుడితే చాలు.

పశువుల మాట. మన దేశంలో కాలా అజార్‌కు నిల్వస్థానం మనిషే, పశువు కాదు. వెండిపాదం ఆవునూ గేదెనూ ఇష్టంగా కుడుతుంది, పరాన్నజీవి మాత్రం వాటిలో ఉండదు. బర్రెకు జబ్బుందని ఎవరయినా భయపెట్టి చౌకగా కొనబోతే నమ్మకండి. ఇతర దేశాల్లో కథ వేరు. మధ్యధరా సముద్రపు దేశాల్లో, బ్రెజిల్లో పరాన్నజీవి కుక్కల్లో ఉంటుంది, వేరే జాతి ఈగలు దాన్ని కుక్క నుంచి పిల్లలకు మోస్తాయి. బ్రెజిల్లో వేల కుక్కల్ని చంపారు, జబ్బు ఆగలేదు. మందు పట్టించిన పట్టీ కుక్క మెడకు కట్టడం అంతకంటే మేలని ఇప్పుడు చెబుతున్నారు. సోవియట్ తుర్క్‌మేనియాలో 1940 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు ఒంటిమీద పుండ్లు వేసే రకం జబ్బుకు మూలం ఎడారి ఎలుకల కలుగుల్లో ఉందని కనిపెట్టారు. ఆ కలుగుల్లో పగలు చల్లగా దాక్కునేది మన ఇళ్లలోనూ ఉండే పపటాసి ఈగే. జాతి ఒకటయినా దేశం మారితే దాని పని మారుతుంది. ఈగ పేరు తెలిస్తే చాలదు, అది ఎవర్ని కుట్టి ఎవర్ని కుడుతుందో తెలియాలి.

ఇక మన ఇంటికి వద్దాం. తెలంగాణలో, ఆంధ్రలో కాలా అజార్ పాతుకుపోలేదు. ఇసుక ఈగ లేక కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, పిల్లలు తెల్లవారి జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి, ఒకటి రెండు రోజుల్లో చనిపోయారు. 329 మంది పిల్లలకు జబ్బు వస్తే 183 మంది చనిపోయారు. ఊళ్లలో మెదడువాపు అన్నారు, పందుల్ని తరిమారు. తేలింది చండీపురా వైరస్ అని. నాగపూర్ దగ్గర ఒక ఊరి పేరది, అక్కడ 1965లో మొదట దొరికింది. వైరస్ పరాన్నజీవి కాదు గాని మోసేది మాత్రం ఇసుక ఈగే. అసలు పాఠం ఇక్కడుంది. కరీంనగర్ జిల్లాలో ఆ కాలంలో పట్టిన ఇసుక ఈగల్ని జాతులవారీగా విడదీసి పరీక్షిస్తే, వైరస్ దొరికింది సెర్జెంటోమియాలో. నోట్లో పళ్ల వరస ఉండేది అది. బల్లుల్నీ తొండల్నీ కుట్టేదే గదా అని ఎప్పుడూ పక్కకు పెట్టే రకం. తల తెంపి నోట్లో పళ్లు చూసేవాడు లేకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది? 2024 వానాకాలంలో గుజరాత్‌లో అదే వైరస్ మళ్లీ లేచింది, దేశం మొత్తం మీద 64 మందిలో నిర్ధారణ అయింది.

ఇంకొక్కటి. ఇవాళ మన రైసుమిల్లుల్లో మూటలు మోసేది, కరీంనగర్ వైపు నాట్లు వేసేది, హైదరాబాదులో మేడలు కట్టేది చాలావరకు బీహారు కూలీలు. వాళ్లలో ఒకడికి రెండు వారాలు దాటి జ్వరం తగ్గలేదనుకోండి. ఇక్కడి డాక్టరు మలేరియా చూస్తాడు, టైఫాయిడ్ చూస్తాడు, క్షయ చూస్తాడు. కాలా అజార్ గుర్తురాదు, ఎందుకంటే ఇక్కడ అది లేదు. గుత్తేదారు రైలు టికెట్ కొనిచ్చి పంపించేస్తాడు. మనం చెయ్యగలిగింది ఉంది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, "ఈయనది బీహారు, ఫలానా జిల్లా, ఆ జబ్బు అక్కడ ఉంది, ఆ పరీక్ష చేయించండి" అని పక్కనుండి చెప్పడం. బీహారోళ్లు రోగం తెస్తున్నారనే మాట పుట్టించే వాళ్లుంటారు. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు, తుమ్మితే అంటదు, కలిసి తింటే అంటదు. కుట్టాల్సింది ఈగ. ఆ ఈగ బతికేది మనం వాళ్లకు అద్దెకిచ్చే రేకుల కొట్టాల చీకట్లో, పక్కనే పశువుల్ని కట్టేసిన చోట.

పిచికారీ వాళ్లు మీ ఊరికి వస్తే అడగండి. ఏ మందు? ఇక్కడి ఈగ దానికి చస్తోందని ఎప్పుడు పరీక్షించారు? పశువుల కొట్టం కొడతారా, ఇల్లొక్కటేనా? గోడ ఆరడుగుల ఎత్తుదాకా తడిపారా? మందు కొట్టిన గోడను ఆ పూటే అలకవద్దని మన ఆడవాళ్లకు చెప్పారా? అలుకు పెడితే మందు మట్టి కింద కప్పబడిపోతుంది. పండక్కి అలికే ఇళ్లలో ప్రతి ఏడూ ఇదే జరుగుతుంది. ఈగల్ని పట్టి పంపే మనిషి మండలానికి ఉన్నాడా, లేడా? ఇంటి పట్టున మనమూ కొంత చెయ్యాలి. పగుళ్లు బంకమట్టితో పూడ్చడం, పెంటకుప్పను గోడకు దూరంగా జరపడం, కొట్టం నేల పొడిగా ఉంచడం, పిల్లల్ని నేలమీద కాకుండా మంచం మీద పడుకోబెట్టడం.

ఆ రోజు మేకల కొట్టంలో మా కార్యకర్త పట్టిన ఈగలు తొమ్మిది. ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. ఏడు సెర్జెంటోమియా, రెండు పపటాసి. వెండిపాదం లేదు. ఆ మాట చెబుదామని నెల తర్వాత మళ్లీ పోయాం. పెద్దమ్మ కింది పగుళ్లన్నీ బంకమట్టితో మెత్తేసింది. పెంటకుప్ప వీధి అవతలికి పోయింది. వెనకగోడలో పైకప్పు దాకా పోయిన పెద్ద చీలిక మాత్రం అట్లాగే ఉంది. "గది మట్టితోని ఆగేది గాదు బిడ్డా, గోడ లేపాలె" అంది. పక్కా ఇంటికి పెట్టిన అర్జీ రెండేళ్ల నుంచి ఆఫీసులో ఉందట. మేకల్ని కట్టడానికి వేరే జాగా లేదు.